ఓవెన్ తలుపు తీసే ముందు

చదివేవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదు. మా ఊళ్లో బడి అయిదో తరగతి దాకే ఉండేది, నా చదువు కూడా అక్కడికే ఆగింది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తీసెయ్యాలో నాకిప్పటికీ అనుమానమే. లకూ ళకూ తేడా నోటికి తెలుసు గానీ చేతికి తెలియదు. పిండి పిసికే చేతులివి, పెన్ను పట్టుకుంటే చెమటలు పడుతున్నాయి. అక్షరాలు వంకరగా ఉంటాయి, మాటలు ముందూ వెనకా అవుతాయి. అయినా రాస్తున్నాను. పోయిన ఆదివారం నుంచి నా కడుపు మండుతూనే ఉంది, దాన్ని లోపల పెట్టుకుని తిరగడం ఇక నా వల్ల కావడం లేదు.

గచ్చిబౌలిలో ఒక బేకరీ వంటింట్లో పని చేస్తాను. కారా బన్నులూ దిల్‌పసందులూ అమ్మే బేకరీ కాదు, ఫ్రాన్సు దేశపు రొట్టెలు చేసే బేకరీ. మా వంటింటికీ కస్టమర్లు కూర్చునే హాలుకూ మధ్య పెద్ద గాజుగోడ ఉంది. మేం పని చేస్తుంటే వాళ్లు కాఫీ తాగుతూ చూస్తారు. గాజు పైన కొంత జాగా వదిలేశారు కాబట్టి మాటలు కూడా అటూ ఇటూ వస్తుంటాయి. ఆదివారం సాయంత్రం ఒక తల్లీ కూతురూ గాజు పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. పిల్ల ముందు పుస్తకం తెరిచి ఉంది. బడిలో తెలుగు బదులు ఫ్రెంచి తీసుకున్నట్టుంది, "జ వే, త్యు వా, ఇల్ వా" అని బట్టీ పడుతోంది. ఇటు పక్క నేను "జ వే ఉవ్రీర్ ల ఫూర్!" అని కేకేశాను. నేను ఓవెన్ తెరవబోతున్నాను అని దానర్థం. వెనకాల నుంచి "వా-జీ!" అని జవాబొచ్చింది. కానివ్వు అని. అప్పుడు తలుపు తీశాను. ఆ తల్లి లేచి కౌంటరు దగ్గరికి వెళ్లింది. "ఏమండీ, లోపల వాళ్లను కాస్త మెల్లగా మాట్లాడమనండి. పాప చదువుకుంటోంది. ఏంటండీ ఆ అరుపులు, చేపల మార్కెట్‌లాగా!" అంది. పాప చదువుతున్నదీ నేను అరిచిందీ ఒకటే పాఠం. ఆ మాట ఆమెకు చెప్దామంటే నా చేతిలో కాలుతున్న ట్రే ఉంది. ట్రే దింపేలోపు వాళ్లు వెళ్లిపోయారు. అప్పుడు చెప్పలేకపోయిన జవాబే ఈ కాగితాలు.

మొదటి నుంచీ చెప్తాను. ఈ పనికి ముందు నేనూ మా యారాలూ, అంటే మా మరిది భార్య, ఒక ఆఫీసు క్యాంటీన్‌లో గిన్నెలు తోమేవాళ్లం. మదీనాగూడలో మాది ఒకటే వాకిలి, రెండు పొయ్యిలు. యారాలు నాకంటే చాలా చిన్నది. దానికి నవ్వు ఎక్కువ. షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం గాలిలో కూర్చున్నా నవ్వుతుంది, ఇంట్లో కరెంటు పోయినా నవ్వుతుంది. క్యాంటీన్ మూతబడ్డాక ఎవరో చెప్తే ఈ బేకరీకి వచ్చాం. బేకరీ పెట్టిన సారు కోస్తా వైపు మనిషి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి చేసి, రొట్టె మీద ప్రేమతో మానేశాడట. రొట్టె మీద ప్రేమేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. మా ఇళ్లలో జ్వరం వస్తే తినేది రొట్టె. ఆయన ప్రతివాళ్లనీ అండీ అంటాడు, ఆటో డ్రైవర్నీ అంటాడు, మమ్మల్నీ అంటాడు. పిండి గిన్నె మీద గుడ్డ తీసి "ఇంకా పొంగలేదేంటండీ" అంటుంటే, పిండినే అడుగుతున్నాడేమో అని మా యారాలు నోరు మూసుకుని నవ్వేది. మాతో పాటు ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. బాలానగర్‌లో పాత బేకరీలో బొగ్గు బట్టీ ముందు జీవితమంతా గడిపినవాడు. ఆయన్ని మేం బట్టీ మామ అంటాం.

మాకు పని నేర్పడానికి సారు ఫ్రాన్సు నుంచి ఒకావిడను పిలిపించాడు. పొడుగు మనిషి, ముఖం నిండా గోధుమ రంగు మచ్చలు, తలకు గుడ్డ. మేం మేడమ్ అనేవాళ్లం. ఆవిడకు తెలుగు రాదు, ఇంగ్లీషు మాకంటే కొంచెమే ఎక్కువ. మొదటి రోజే నేను ఓవెన్ తలుపు తీశాను. మామూలుగా, ఇంట్లో బీరువా తలుపు తీసినట్టు. ఆవిడ వేసిన కేకకు నా చేతిలో గుడ్డ కింద పడింది. వచ్చి తలుపు మూసింది. తలుపు పిడి మీద చెయ్యి వేసి, మా ముగ్గురి వైపూ తిరిగి, "జ వే ఉవ్రీర్ ల ఫూర్" అంది. అని ఊరుకుంది. ఒక్కొక్కరి ముఖం చూస్తోంది, తలుపు మాత్రం తీయదు. మాకేం తోచలేదు. ఓవెన్ కాలుతోంది, ఆవిడ చూస్తోంది, మేం చూస్తున్నాం. చివరికి సారును పిలిచాం. ఆయనకు కొంత ఫ్రెంచి వచ్చు, విని "ఏం చెయ్యబోతున్నా చేసే ముందు చెప్పాలంటున్నారండి. మిగతావాళ్లు సరే అన్నాకే చెయ్యాలట" అన్నాడు.

"చేసేది కనవడ్తలేదా సార్? కండ్లు లేవా మాకు?" అని అడిగింది మా యారాలు.

సారు అది ఆవిడకు చెప్పి, ఆవిడ మాట మాకు చెప్పాడు. "కళ్లు చేతుల మీద ఉంటాయంట, చెవులే ఖాళీగా ఉంటాయంటండి."

ఆ మాట నాకు నచ్చింది. బట్టీ మామకు మాత్రం నచ్చలేదు. "నా ఉమర్ అంత బట్టీ కాడనే గడిచింది. బాజూ అంటే చాలు, అందరు జరుగుతరు. గీ పాటలన్ని నాకెందుకు బిడ్డా?" అన్నాడు. కానీ ఆవిడ వదల్లేదు. కత్తి పెట్టే ముందు "జ వే కుపే", కొయ్యబోతున్నాను. వెనకాల నుంచి దాటే ముందు "జ వే పస్సే", దాటబోతున్నాను. అవతలివాళ్లు "వా-జీ" అనేదాకా కాలు కదపకూడదు. మొదటి వారం మా వంటింట్లో రొట్టెల కంటే కేకలే ఎక్కువ తయారయ్యాయి. బట్టీ మామ "వా-జీ" అనడానికి బదులు "వాహ్ జీ!" అనేవాడు, గజల్ విని మెచ్చుకున్నట్టు. మేడమ్ తన పనికి మురిసిపోతున్నాడనుకుని ఆయనకు దణ్ణం పెట్టేది.

ఆ మాట ఎలా కడతారో కూడా చెప్తాను, ఎందుకంటే నేను గాలికి అరుస్తున్నానని ఆ తల్లి అనుకుంది. మొదటి మాట మనిషిని బట్టి మారుతుంది. నేనైతే జ వే, నువ్వైతే త్యు వా, అతనైతే ఇల్ వా, ఆమైతే ఎల్ వా, మేమైతే నూ జలోఁ, మీరైతే వూ జలే, వాళ్లైతే ఇల్ వోఁ. ఇవన్నీ 'పోవడం' అన్న మాటే. దాని వెనకాల చేసే పని పేరు పెట్టాలి. ఆ పని పేరును ముట్టుకోకూడదు, దానికి తోకలు తగిలించకూడదు. నేను తెరిచినా నువ్వు తెరిచినా 'ఉవ్రీర్' ఉవ్రీరే. కజ్జికాయకు అంచు ఎలా మడిచినా లోపల పూర్ణం మారదు కదా, అలాగ. చెయ్యబోవడం లేదు అని చెప్పాలంటే 'న' ఒకటీ 'పా' ఒకటీ ఆ మొదటి మాటకే అటూ ఇటూ పెట్టాలి, వేడి గిన్నెను పట్టకారుతో పట్టినట్టు. "జ న వే పా ఉవ్రీర్." తెరుస్తానని కేకేసి మనసు మార్చుకుంటే ఇదీ గట్టిగానే చెప్పాలి, లేకపోతే మిగతావాళ్లు తలుపు తెరుచుకుంటుందని అలాగే బిగుసుకుని నిలబడతారు. ఒకరోజు వెన్న మడతలు వేస్తూ మా యారాలే అంది, "అక్కా, మనం గూడ గట్లనే అంటం గద. పాలు పొంగబోతున్నయ్, వాన పడబోతున్నది. గా మాటల గూడ పోవుడు ఉన్నది సూడు. మనం పోవుడును ఎన్కకు వెడ్తం, గామె ముంగట వెడ్తది. గంతే." ఆ రోజు నుంచి నాకు ఆ భాషంటే భయం పోయింది.

ఇంకో సంగతి. రాబోయే కాలానికి వాళ్లకు ఇంకో రకం మాట కూడా ఉందట, దూరంగా ఉన్నవాటికి, ఎప్పుడో జరిగేవాటికి. అదెలా అని సారు అడిగితే, వంటింట్లో దాంతో పని లేదని మేడమ్ నేర్పలేదు. ఓవెన్ ముందు నిలబడ్డవాళ్లకు, చెయ్యి పిడి మీద పడ్డాక జరిగేదే కావాలి.

ఈ అలవాటు ఇంటికీ వచ్చింది. ప్రెషర్ కుక్కర్ మూత తీసే ముందు నా నోటి నుంచి "జ వే ఉవ్రీర్" అని వచ్చేసేది. మా ఆయన మొదట్లో "ఏందే, దొరసాని పూనిందా నీకు?" అని ఎగతాళి చేశాడు. తర్వాత ఆయనే అన్నాడు, బాలానగర్‌లో తాను పనిచేసిన షాపులో రేకు వంచే ప్రెస్ మిషన్ ఉండేదట, దాన్ని నొక్కే ముందు "చెయ్యి దీయ్" అని కేకెయ్యకపోతే ఓనరు కొట్టినంత పని చేసేవాడట. "గది గిదే గదనే. కేకనే మన గ్లోవ్స్" అన్నాడు. ఆ తర్వాత నేను కుక్కర్ దగ్గర కేకేస్తే, మంచం మీద నుంచే "వా-జీ" అనేవాడు, లేచి మాత్రం ఎప్పుడూ రాలేదు.

మేం అన్ని రొట్టెలూ చెయ్యడం నేర్చుకున్నాక మేడమ్ వెళ్లిపోయే రోజు వచ్చింది. సంచి భుజానికి తగిలించుకుని వంటింటి గుమ్మంలో నిలబడి "జ వే పర్తీర్" అంది. బయల్దేరబోతున్నాను అని. అని, అలవాటుగా మా జవాబు కోసం ఆగింది. మేం ముగ్గురం నోరు మెదపలేదు. మేం కానివ్వు అంటే గానీ ఆవిడ కాలు కదలకూడదు కదా, రూలు ఆవిడదే. బయట కారు హారన్ కొడుతోంది. ఆవిడ నవ్వుతోంది, ఏడుస్తోంది. ఆఖరికి బట్టీ మామే గొంతు సవరించుకుని "వాహ్ జీ" అన్నాడు. ఆ ఒక్కసారి దాన్ని ఆయన సరిగ్గానే అన్నాడనుకుంటాను.

ఆవిడ వెళ్లాక సారు ఒక మేనేజర్ని పెట్టాడు. కుర్రవాడే, ఇస్త్రీ చొక్కా, చెవిలో ఎప్పుడూ ఏదో ఒకటి పెట్టుకుని ఉంటాడు. వచ్చిన కొన్నాళ్లకు మమ్మల్ని వరసగా నిలబెట్టి చెప్పాడు. "ఆంటీ, ఇది ఓపెన్ కిచెన్. ఇక్కడికి రిలాక్స్ అవ్వడానికి వస్తారు. మీరిలా అరిస్తే కస్టమర్ ఎక్స్‌పీరియన్స్ పోతుంది. అదీ ఫ్రెంచి ఒకటి! మీ నోట్లో ఫ్రెంచి వింటే నవ్వుకుంటున్నారు అందరూ. ఇకనుంచి సైలెంట్. కావాలంటే చేత్తో సైగ చేసుకోండి."

"చేతులల్ల ట్రేలు ఉంటయ్ గద సార్. సైగ కాళ్లతోటి చెయ్యాల్నా?" అంది యారాలు.

"మళ్లీ నవ్వుతారేంటి ఆంటీ, నేను సీరియస్‌గా చెప్తున్నాను" అన్నాడు.

ఎంత కోపం వచ్చిందో ఇప్పుడు రాస్తుంటే కూడా పెన్ను గట్టిగా నొక్కుతున్నాను. ఎవరు నవ్వుతున్నారు? నవ్వితే మా ఒళ్లేమైనా అరిగిపోయిందా? మూగనోము పట్టాల్సిన అవసరం ఏమొచ్చింది? కానీ జీతం ఇచ్చేచోట ఎంతని అడుగుతాం. మొదట్లో గుసగుసగా చెప్పుకున్నాం. గుసగుస మిక్సర్ చప్పుడులో వినిపించదు. తర్వాత గాజు పక్కన స్పీకర్ పెట్టి పాటలు వేశాడు, మెత్తగా, నిద్ర వచ్చేలాగ. నా పెదాలు మాత్రం ఓవెన్ ముందు కదిలేవి, మాట బయటికి రాకుండా. యారాలు ఎక్కడుందో నేను తల తిప్పి వెతుక్కోవాల్సి వచ్చేది. తల తిప్పితే చెయ్యి తప్పుతుంది. పని నెమ్మదించింది, దానికీ మమ్మల్నే అన్నాడు.

ఒక మధ్యాహ్నం ఏదో ఆఫీసు నుంచి పెద్దవాళ్లు వచ్చారు, వాళ్లతో విదేశీయులు కూడా ఉన్నారు. మేనేజరు తెల్ల టోపీ పెట్టుకుని వాళ్లకు చూపించడానికి వంటింట్లోకి వచ్చాడు. రోజూ వంటింట్లో అడుగుపెట్టనివాడు, ఆ రోజు తనే వంటవాడిలాగా. గాజు అవతల వాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నేను అటు చివర పిండి కొలుస్తున్నాను. మా యారాలు ఆపిల్ ముక్కల మీద చక్కెర పాకం ఉడుకుతున్న ట్రే పట్టుకుని ఓవెన్ వెనక నుంచి వస్తోంది. అతను ఏ మాటా లేకుండా, నాటకంలో తెర తీసినట్టు, ఓవెన్ తలుపు బార్లా లాగాడు. తలుపు అంచు ఆమె మోచేతికి తగిలింది. ట్రే ఒరిగింది. పాకమంతా ముంజేతి మీద పడింది.

పాట మాత్రం మోగుతూనే ఉంది. మా యారాలు అరవలేదు. పెదవి పళ్లతో కొరుక్కుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. కేకెయ్యొద్దన్నారు కదా, గాజు అవతల పెద్దమనుషులున్నారు కదా, ఒళ్లు కాలుతున్నా ఆమె అరవలేదు. నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వనిది కాలిన చెయ్యి కాదు, ఆ చప్పుడు లేకపోవడం. నేనే అరిచాను. నీళ్ల కింద చెయ్యి పెట్టించి, బట్టీ మామా నేనూ ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. తిరిగి వచ్చేసరికి మేనేజరు సారుకు ఫోన్లో చెప్తున్నాడు. "నేను ఓవెన్ ఓపెన్ చేస్తుంటే ఆవిడ వెనకాల నుంచి ఎందుకొచ్చిందో అర్థం కాలేదు సార్. చూసుకోవాలి కదా."

ఎలా చూసుకోవాలి? ఆమె చేతుల మీద మరుగుతున్న పాకముంది. కళ్లు పాకం మీద ఉన్నాయి. ఖాళీగా ఉన్నవి చెవులే, వాటికి నువ్వు పాట పెట్టావు.

యారాలు ఇంట్లో ఉంది. చేతికి కట్టు. నవ్వు లేదు. దాని కూతురు పక్కన గిన్నె పడేస్తే ఉలిక్కిపడేది. రెండు పొయ్యిల మీదా నేనే వండుతుంటే, గోడకు ఆనుకుని చూస్తూ ఒకరోజు అడిగింది. "అక్కా, నేను గప్పుడు ఎందుకు అరవలే? అరిస్తే ఏమైతుండె?" నేను పొయ్యి మీద గిన్నె దింపి దాని పక్కన కూర్చున్నాను. ఆ తర్వాత కొన్నాళ్లకు మేనేజరు నన్ను పక్కకు పిలిచి, "ఆంటీ, మీ సిస్టర్‌కి చెప్పండి, ఇంక రానక్కర్లేదు. చేతికి ఆ కట్టు, తర్వాత మచ్చలు, గాజు అవతలి నుంచి చూసేవాళ్లకు బాగుండదు" అన్నాడు. బాగుండదట! కాల్చినవాడి ముఖం బాగుంటుంది గానీ, కాలిన చెయ్యి బాగుండదు. ఆ మాట నేను ఇంట్లో యారాలికి చెప్పలేదు. మా ఆయనకు చెప్పాను. ఆయన తింటున్న కంచం పక్కకు జరిపాడు. తర్వాత అన్నాడు, "మా షాపుల గిట్ల అయితే ప్రెస్ బంద్ వెడ్తుంటిమి."

మర్నాడు పొద్దున వెళ్లి సంగతి బట్టీ మామకు చెప్పాను, ఇద్దరం పిండి కలిపాం, రొట్టెలు చుట్టాం, ఓవెన్ వేడెక్కింది. అప్పుడు నేనూ బట్టీ మామా మైదా బస్తాల మీద కూర్చున్నాం. చుట్టిన రొట్టెలు ట్రేల్లో ఉబ్బుతున్నాయి. మేనేజరు గాజు అవతల నుంచి చూసి లోపలికి వచ్చాడు.

"ఏంటి ఆంటీ, కూర్చున్నారు? ఓవెన్‌లో పెట్టరా?"

"తెరవం సార్."

"అంటే?"

"మా యారాలు వచ్చేదాంక తెరవం. వచ్చినంక కేకేసుకుంటనే తెరుస్తం."

"మామా, నువ్వైనా చెప్పు."

"నా మోకాళ్లు నొస్తున్నయ్ సాబ్. కూసున్న" అన్నాడు బట్టీ మామ, ఇంకో బస్తా సవరించుకుని.

సారు వచ్చేసరికి రొట్టెలు ఉబ్బి ఉబ్బి ట్రే అంచులు దాటుతున్నాయి. ఆయన వాటిని చూసి బాధపడ్డాడు, నిజంగానే బాధపడ్డాడు, రొట్టె మీద ప్రేమ ఉన్నవాడు కదా. "అమ్మా, మీరడిగేది న్యాయమేనండి. నేను కాదనట్లేదు. చూద్దామండి. మేనేజరుతోనూ ఆవిడతోనూ మాట్లాడి ఏదో ఒకటి చేద్దాం" అన్నాడు.

అంత భయస్తురాలిని, ఆ రోజు నా నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. "సార్, చూద్దాం వద్దు. చేద్దాం గూడ వద్దు. మేడమ్ మాకు గా దూరం మాట నేర్పలే. మీరు ఇప్పుడు ఏం చెయ్యబోతున్నరో చెప్పుండ్రి. చెప్పి, చెయ్యిండ్రి. మేము ఈడనే ఉంటం."

ఆయన నన్ను చూశాడు, మామను చూశాడు, మేనేజరు వైపు మాత్రం చూడలేదు. తర్వాత వచ్చి నా పక్క బస్తా మీద కూర్చున్నాడు, మైదా నల్ల ప్యాంటుకు అంటుతున్నా. "ఇప్పుడు ఆవిడకు ఫోన్ చెయ్యబోతున్నానండి" అన్నాడు. మేం కదల్లేదు. "క్షమించమని అడగబోతున్నాను. నయమయ్యాక రమ్మనబోతున్నాను. అప్పటిదాకా జీతం ఆపబోవట్లేదు." ఆగాడు. మేం జవాబు చెప్పాలని ఆయనకు గుర్తుందో లేదో గానీ, ఆగాడు. "వా-జీ" అన్నాను నేను. ఫోన్ చేశాడు. మాట్లాడుతూనే మేనేజర్ని చూసి స్పీకర్ వైపు వేలు చూపించాడు. పాట ఆగింది. ఆ రోజు రొట్టెలన్నీ పులిసి కూలిపోయాయి. బట్టీ మామ వాటిని సంచిలో వేసి బయట పెట్టాడు.

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది, కానీ అవ్వలేదు. కట్టు తీసేశాక యారాలు పనికి వచ్చింది. ముంజేతి మీద చర్మం కొత్తగా, గులాబి రంగులో మెరుస్తోంది. చీర చెంగుతో కప్పుకుంది. షేర్ ఆటోలో చెంగు కొస వదలకుండా కూర్చుంది. వంటింట్లోకి వచ్చింది, ఏప్రాన్ కట్టుకుంది, వెన్న ట్రే ఎత్తుకుని ఓవెన్ వెనక మలుపు దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. దాటాలంటే కేకెయ్యాలి. గొంతు రాలేదు. నేను ఓవెన్ ముందు ఉన్నాను, లోపల రొట్టెలు తీసే వేళయింది. ఆమె మాట చెప్పేదాకా నేను తలుపు తీయలేను. నేను తీస్తే ఆమె ఇక ఎప్పటికీ ఆ మలుపు దాటదని నాకు అనిపించింది. బట్టీ మామ కత్తి పక్కన పెట్టాడు. గాజు అవతల పొద్దుటి కాఫీ జనం మమ్మల్ని చూస్తున్నారు. ముగ్గురు మనుషులు బొమ్మల్లాగా నిలబడి ఏం చేస్తున్నారో వాళ్లకేం తెలుసు. రొట్టె వాసన ముందు తియ్యగా వచ్చింది, తర్వాత ఘాటుగా వచ్చింది. మేనేజరు గాజు మీద వేలితో కొట్టి తన గడియారం చూపించాడు. నేను అతన్ని చూసిన చూపుకు వేలు తీసేశాడు.

"జల్దీ లేదు బిడ్డా. రొట్టెలు మల్ల చేస్కోవచ్చు" అన్నాడు మామ.

యారాలి పెదవి కదిలింది. "జ వే..." అంది. అంత మెల్లగా, గాలి అన్నట్టు. అక్కడ ఆగిపోయింది. సగం మాటకు మేం కానివ్వు అనలేం, ఆమె పోతోందని తెలిసింది గానీ ఏం చెయ్యబోతోందో తెలియదు. ఆగాం. ఓవెన్ అంచుల నుంచి పొగ సన్నగా వస్తోంది. నేను కళ్లు మూసుకున్నాను, నా చెవులు ఖాళీగా పెట్టుకున్నాను.

"పస్సే!" అని వచ్చింది కేక. పెద్దగా, పగిలిపోయిన గొంతుతో, రోడ్డు మీద బస్సులకు వినిపించేంత. ఆ రోజు పాకం పడ్డప్పుడు రావాల్సిన కేక కూడా అందులో ఉంది.

"వా-జీ!" అన్నాం ఇద్దరం ఒక్కసారే. ఆమె నా వీపు వెనక నుంచి దాటింది, ఆమె చెంగు నా భుజానికి తగిలింది. అప్పుడు నేను కేకేసి, జవాబు విని, తలుపు తీశాను. రొట్టెలు నల్లగా, బొగ్గు బట్టీలో ఇటుకల్లాగా ఉన్నాయి. యారాలు ట్రేలోకి వంగి చూసి, "అక్కా, గివి తింటే పండ్లు ఊడ్తయ్" అని పకపకా నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. చెంగు జారిపోయింది, సర్దుకోలేదు. కాలిన చెయ్యి గాజు అవతల అందరికీ కనిపించింది.

ఆదివారం మా అరుపులు చేపల మార్కెట్‌లా ఉన్నాయన్న అమ్మా, మీ పాప మంచిగా చదువుకోవాలి, నాకు దాని మీద ఏ కోపమూ లేదు. మీ మీద ఉంది. మేం కేకలు మానం. చెప్పడానికీ చెయ్యడానికీ మధ్య ఒక చిన్న కాలం ఉంటుంది, ఊపిరి పీల్చి వదిలేంత. మా పనిలో మనిషికి మనిషి దారి ఇచ్చేది ఆ కాలంలోనే, అది మీ చెవులకు ఎంత గరుకుగా ఉన్నా మేం వదులుకోం. ఇంత రాశాక చూస్తే ఎక్కడ వాక్యం ఆపాలో కూడా నాకు తెలియలేదనిపిస్తోంది, కొన్ని అక్షరాలు నాకే చదవ రావడం లేదు. చదివినవాళ్లు నా తప్పులను మన్నించి, మాటను మాత్రం ఉంచుకోండి.